అవ్వను పిలిచినవాడు

మా ఆయన మక్సూద్‌కు చేతిలో కెమెరా ఉంటే నోరు ఆగదు. "జర నవ్వుండ్రి, గడ్డం పైకి లేపు, ఓ పిలగా, నీ కండ్లు ఎటు పోతున్నయ్" అంటూ పెండ్లి పందిరి మొత్తాన్ని ఆడిస్తాడు. ఎంత సిగ్గరి పెండ్లికూతురైనా రెండు మాటల్లో నవ్వాల్సిందే. నకిరేకల్ చుట్టుపక్కల లగ్గం కుదిరిందంటే జనం మా స్టూడియోకు వచ్చేది ఫొటోల కోసం కాదు, ఈయన నోటి కోసమే అని నేను ఎగతాళి చేసేదాన్ని. అంత నోరూ ఒక కాగితానికి భయపడి మూతపడింది. ఆ రోజుల్లో నేను బజారుకు పోవడానికి కూడా మొఖం చెల్లక ఇంట్లో కూర్చున్నాను.

పెండ్లిళ్లలో పనిచేసే మావాళ్లకు ఒక పద్ధతి ఉంది. వంటవాడు అన్నం మాడ్చినా, బ్యాండువాళ్లు ఆలస్యంగా వచ్చినా, తప్పు చేసినవాడు తెల్లారి ఆ ఇంటికి పోవాలి. వాకిట్లో నలుగురి ముందు నిలబడి "తప్పు నాదే" అనాలి. వాళ్లు తిడతారు. తిట్టినంతసేపు తల వంచుకుని ఉండాలి. తిట్టి తిట్టి అలిసిపోయాక ఇంట్లోంచి చెంబుతో నీళ్లు వస్తాయి. ఆ నీళ్లు తాగితే పంచాయితీ తెగినట్టే. టెంట్‌హౌస్ బాబా మియా వేసిన షామియానా గుంజ ఒకసారి పెండ్లికొడుకు మేనమామ భుజం మీద పడింది. బాబా మియా పోయి కడుపునిండా తిట్లు తిని, నీళ్లు తాగి వచ్చాడు. మరుసటేడు ఆ మేనమామే తన కొడుకు లగ్గానికి అదే షామియానా కిరాయికి తీసుకున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు. మాకు బీమా ఉందంటే అదే.

వీడియో కెమెరా కొన్నాకే అసలు బీమా వచ్చింది. పల్లెటూళ్లకు వీడియో కొత్తగా వస్తున్న రోజులవి. కాటమయ్య సారు బడి నౌకరీ నుంచి దిగిపోయి బీమా ఏజెంటు పని పట్టుకున్నాడు. దుకాణానికి వచ్చి చాయ్ తాగుతూ, "తమ్మీ, కెమెరాకు ఏమన్నా అయితే కంపెనీ కడతది. నీ లైటు ఎవరి మీదన్నా పడి దెబ్బ తగిలినా వాళ్ల దవాఖాన ఖర్చు గూడ కంపెనీదే. ఇగ నీకేం ఫికర్?" అన్నాడు. మక్సూద్ పొంగిపోయి పాలసీ తీసుకున్నాడు. దానికి అద్దం కట్టించి, జనం ఫొటో దిగే తాజ్‌మహల్ పరదా పక్కన వేలాడదీశాడు.

కాగితానికి అద్దం కట్టించినాయనకు లైటు స్టాండు కాలు విరిగితే వెల్డింగ్ చేయించడానికి తీరికలేదు. "ఈ లగ్గాలు అయిపోనీ జాహేదా" అనేవాడు. నేను గొణుక్కుంటూనే ఆ కాలికి సుతిలి తాడు బిగించి ముడి వేశాను. ఆ ముడి నాదే, ఎవరి మీదకూ నెట్టను.

తిరుమలగిరి దారిలో ఉన్న ఒక పల్లెలో జానయ్య అనే రైతు బిడ్డ సైదమ్మ లగ్గం వచ్చింది. తల్లి చిన్నప్పుడే చనిపోతే సైదమ్మను నాయనమ్మ బిక్షమ్మే సాకింది. ఆ లగ్గం నాడు ఏమైందో మక్సూద్ ఇంటికి వచ్చి, గోడకు ఒరిగి ఏడుస్తూ నాకు చెప్పాడు.

అక్షింతలు వేసేవాళ్లు ఒక్కొక్కరే పందిరి ఎక్కి దిగుతున్నారు. బిక్షమ్మ మాత్రం దూరంగా గుంజ చాటున నిలబడి చూస్తోంది. మొగుడు పోయిన మనిషి పెండ్లి పీటల దగ్గరికి రాకూడదట. మక్సూద్ కంట ఆమె పడింది. ఈయన నోరు ఊరుకుంటుందా?

"అవ్వా, గా చాటున ఏం చేస్తున్నవ్? రా, పిల్ల నెత్తి మీద నాలుగు అక్షింతలు వెయ్యి" అన్నాడు.

"వద్దు బిడ్డా. నేను రావద్దు" అంది బిక్షమ్మ.

"వద్దనేటోడు ఎవడు? నువ్వు లేకుంటే గీ ఫొటో నిండదు. రా అవ్వా!"

సైదమ్మ కూడా తల ఎత్తి చూసి నవ్వింది. ముసలామె ఇక ఆగలేక కొంగుకు చేతులు తుడుచుకుని పందిరి ఎక్కింది. ఆమె మొఖం బాగా పడాలని మక్సూద్ లైటును ఆమె వైపు తిప్పాడు. సుతిలి జారింది. మండుతున్న లైటు సైదమ్మ తల మీదికి ఒరిగింది. బిక్షమ్మ అక్షింతలు పట్టుకున్న కుడిచేత్తోనే దాన్ని ఆపింది. పిల్లకు వెంట్రుక కూడా కాలలేదు. ముసలామె అరచెయ్యి మాత్రం కమిలిపోయి తోలు ఊడివచ్చింది.

బ్యాండు మోతలో ఆమెను ఎవరు పిలిచారో పందిరి బయట ఎవరికీ వినబడలేదు. విన్న సైదమ్మ కొత్త కోడలు, ఆమె నోరెత్తే వీలు లేదు. అందరికీ కనబడింది ఒక్కటే, బొట్టు లేని ముసలిది పందిరి ఎక్కింది, లైటు కూలింది. "ముండమోపి ఎందుకు ఎక్కాలె? లగ్గంల అపశకునం గాకపోతే ఏమైతది?" అని తిరుమలగిరి నుంచి వచ్చిన మగపెండ్లివాళ్లు అక్కడికక్కడే అనేశారు.

"పిలిచింది నేను, జాహేదా. స్టాండు నాది. తెల్లారి పోయి చెప్తా" అన్నాడు మక్సూద్.

తెల్లారి అంగీ తొడుక్కుని చెప్పులు వేసుకున్నాడు కూడా. ఇంతలో సంగతి తెలిసి కాటమయ్య సారు సైకిల్ మీద ఆయాసపడుతూ వచ్చాడు.

"యాడికి పోతున్నవ్ తమ్మీ?"

"తప్పు ఒప్పుకోనీకి సారూ."

"అగో! కొంప ముంచుతవా? పాలసీ సదివినవా? కంపెనీకి చెప్పకుంట తప్పు నాదేనని ఎవ్వలకూ ఒప్పుకోవద్దని అండ్ల రాసున్నది. నువ్వు ఒప్పుకున్నవంటే పైస రాదు. ఆ ముసలవ్వ చెయ్యిని పట్నం దవాఖానల సూపియ్యాలె. ఆ ఖర్చు నువ్వు పెడతవా? నోరు మూసుకొని కూసో. ఆమె మంచికే చెప్తున్న."

అందులో అబద్ధమేమీ లేదు. అద్దంలో ఉన్న ఆ కాగితంలో సన్న అక్షరాల్లో అదే రాసి ఉంది. మక్సూద్ చెప్పులు విడిచాడు. చెప్పొద్దూ, నేను కూడా ఊరుకున్నాను. ముసలామె చెయ్యి బాగుపడుతుందంటే నాలుగు రోజులు నోరు కట్టుకుంటే ఏం పోయింది అనుకున్నాను.

ఏం పోయిందో గులాబ్‌బీ ఖాలా వచ్చి చెప్పింది. ఆమె ఊరూరూ తిరిగి గాజులు అమ్ముతుంది. మా ఇంట్లో గంప దించి, నీళ్లు తాగి, నా మొఖంలోకి చూడకుండానే మొదలుపెట్టింది.

"సైదమ్మ పండుగకు తల్లిగారింటికి వచ్చింది జాహేదా. మొగనితోని వచ్చింది. అత్తగారోళ్లు ముందే కబురు పెట్టిండ్రంట, ఆ ముసల్దాని మొఖం పిల్లకు సూపియ్యొద్దని. బిక్షమ్మ మ్యాకల కొట్టంల దాక్కుంది. పిల్ల అవ్వా అవ్వా అని ఇల్లంత తిరుగుతాంటే, లోపట కూసొని నోట్లె కొంగు కుక్కుకుందంట. నేను గాజులు తీస్కొని పోతే నాతోని ఏమన్నదో ఎరికేనా? నా పాపమే పిల్లకు తగలబోయిందన్నది."

"లైటు మా ఆయనది గద ఖాలా. ఆయననేం అనలేదా?"

"మక్సూద్ మంచి పిలగాడు, నన్ను ప్రేమతోని పిలిచిండు, నాకు సోయి ఉండాలె గద అన్నది. ఆయన పేరు బయటికి తీస్తే పోలీసులు పట్టుకపోతరని ఎవ్వలకూ చెప్తలేదు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఖాలా పోయాక మక్సూద్ మీద పడ్డాను. "విన్నవా? ఇజ్జత్ అనేది ఉన్నదా నీకు?" అన్నాను. ఆయన కెమెరా తుడుస్తూనే ఉన్నాడు. "కంపెనీ సారు వచ్చిపోనీ. పైసలొస్తే ఆమెకే ఇస్తం గద" అన్నాడు. ఆ మాట గోడకు చెప్పినట్టు చెప్పాడు. ఆయన మాట మీద ఆయనకే నమ్మకం లేదని నాకు తెలిసిపోయింది. అప్పటినుంచి గిరాకీ వచ్చినా "నవ్వుండ్రి" అనడం మానేశాడు. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చినవాళ్లు కూడా "ఏమైంది మక్సూద్‌భాయ్‌కి?" అని నన్ను అడిగిపోయేవాళ్లు.

చివరికి నల్లగొండ నుంచి కంపెనీ ఆఫీసరు వచ్చాడు. కాటమయ్య సారు, మక్సూద్ ఆయనను తీసుకుని జానయ్య ఇంటికి బయలుదేరారు. నన్ను ఎవరూ రమ్మనలేదు. బుర్ఖా వేసుకుని నేనే జీపు ఎక్కాను.

జానయ్య వాకిట్లో మంచం వాల్చాడు. ఆఫీసరు, సారు కూర్చున్నారు. బిక్షమ్మ కింద గోడ వారన కూర్చుంది. చేతికి కట్టిన గుడ్డ పచ్చగా, మందు మరకలతో ఉంది. వేళ్లు కొంకర్లు పోయి లోపలికి ముడుచుకున్నాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వాకిలి దగ్గర గుమిగూడారు. మక్సూద్ దూరంగా నిలబడి తన చెప్పులను చూసుకుంటున్నాడు.

"లైటు ఎట్ల పడ్డదమ్మా? ఎవరి తప్పు?" అని అడిగాడు ఆఫీసరు.

"నాదే సారూ" అంది బిక్షమ్మ వెంటనే. ఎన్నిసార్లు అనుకుని పెట్టుకుందో, మాట తడబడలేదు. "మొగడు సచ్చినదాన్ని, పందిరి ఎక్కొద్దు. ఎక్కిన. నా మోచెయ్యి తగిలి లైటు పడ్డది. పిలగాని తప్పు ఏమ్లేదు. ఆయనను ఏమనకుండ్రి, నీ కాల్మొక్త."

వాకిలి దగ్గర ఒకామె "గిప్పుడు ఒప్పుకుంది" అని గొణిగింది. ఆఫీసరు రాసుకుంటున్నాడు. ఆమే తన తప్పు అంటే కంపెనీ ఎందుకు కడుతుంది? కాటమయ్య సారుకు అది అర్థమై మొఖం మాడిపోయింది. నాకు ఆ లెక్కలేవీ పట్టలేదు. ఆ ముసలామె మమ్మల్ని కాపాడటానికి తన నెత్తిన తానే మన్ను పోసుకుంటుంటే, నా మొగుడు చెప్పులు చూసుకుంటున్నాడు. అదొక్కటే కనబడింది నాకు.

"నోరు పడిపోయిందా నీకు?" అని అరిచాను. "రా అవ్వా, రా అవ్వా అని పిలిచినప్పుడు ఉన్న నోరు ఏమైంది?"

వాకిలి మొత్తం నా వైపు తిరిగింది. మక్సూద్ తల ఎత్తాడు. ఒక్కసారిగా అన్నాడు.

"పిలిచింది నేను. అవ్వ రానంటే రమ్మని పట్టుబట్టింది నేను. స్టాండు కాలు ఇరిగితే సుతిలి కట్టుకొని తెచ్చిన. అది జారి లైటు పడ్డది. అవ్వ మోచెయ్యి తగల్లేదు. అవ్వ చెయ్యి అడ్డం పెట్టకపోతే సైదమ్మ మొఖం కాలిపోయేది. తప్పు నాదే."

"ముడి నేను వేసిన" అన్నాను.

ఆఫీసరు కలం మూత పెట్టాడు. "అయిపాయె. ఒప్పుకున్నరు, ఇరిగిన సామాను వాడిండ్రు. కంపెనీకి సంబంధం లేదు" అని లేచాడు. కాటమయ్య సారు నెత్తి పట్టుకున్నాడు. పోతే పోనీ అనుకున్నాను. వీడియో కెమెరా అమ్మి అయినా ఆ చెయ్యిని పట్నం తీసుకుపోవాల్సింది మొదటి రోజే.

బిక్షమ్మ ఆఫీసరును చూడలేదు. మక్సూద్‌నే చూస్తోంది.

"ఏమన్నవ్ బిడ్డా? మళ్ల చెప్పు."

"సుతిలి జారి పడ్డది అవ్వా."

"అయితే... నేను ఎక్కినందుకు కాదా?"

"కాదవ్వా. కానే కాదు."

అంత కాలిన చేతికి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఎడమచేత్తో మొఖం కప్పుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. వాకిలి దగ్గరి ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. బిక్షమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, కోపం లేకుండా అడిగింది.

"నీకు ఎరికే గద బిడ్డా. మరి గిన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

పాలసీ అనీ, సన్న అక్షరాలనీ ఆమెకు ఏం చెబుతాం? నేల చీలిపోయి మమ్మల్నిద్దరినీ మింగితే బాగుండుననిపించింది. జానయ్య మాత్రం ఊరుకోలేదు. ఊరంతా వినబడేలా తిట్టాడు. "నా తల్లిని కొట్టంల దాపెట్టించినవ్ గదరా!" అని గుండెలు బాదుకున్నాడు. ఇద్దరం తల వంచుకుని నిలబడ్డాం. ఆ తిట్లు ఇంకా గట్టిగా ఉంటే బాగుండుననిపించింది నాకు.

"నాకు చెప్పుడు గాదు. తిరుమలగిరికి నడువు. నా వియ్యంకుల వాకిట్ల, నా బిడ్డ ముంగట చెప్పు" అన్నాడు జానయ్య చివరికి.

"ఇప్పుడే పోదాం అన్నా" అన్నాడు మక్సూద్.

మేం వాకిలి దాటబోతుంటే వెనక నుంచి "ఆగు బిడ్డా" అని వినబడింది. బిక్షమ్మ ఎప్పుడు లేచి లోపలికి పోయిందో చూడలేదు. నిండు చెంబు ఎడమచేత్తో పట్టుకుని, కట్టు కట్టిన కుడిచెయ్యిని దాని కింద ఆనించాలని చూస్తూ గడప దిగింది. ఆ చెయ్యి ఆనలేదు. నీళ్లు ఆమె పాదాల మీద ఒలికాయి.

"కుడిచెయ్యి లేస్తలేదు బిడ్డా" అంది చెంబు చాపుతూ. "ఎడమచేత్తోని ఇస్తున్ననని ఏమనుకోకు."

మక్సూద్ రెండు చేతులతో ఆ చెంబు అందుకున్నాడు. ఒక్క గుక్క తాగడానికి చాలాసేపు పట్టింది.