బొమ్మకు బదులు

"టోపీ లేకుండా రేపు బిడ్డను చలిలోకి తీసుకపోతే నేను ఊరుకోను," అంటూ హనుమక్క మనవరాలి తలకు మంకీ టోపీ మళ్ళీ తొడిగింది.

నాగేంద్ర దాన్ని మళ్ళీ లాగేశాడు. "ఎన్నిసార్లు చెప్పల్లమ్మా నీకు? టోపీ పెడితే బండికి మొగం కనపడదంట. మొగం చూసే కదా అది ఆగేది!"

"అంటే మొగం కనపడకుంటే ఆగదా? అదేం బండిరా? నేను ముసుగేసుకోని పోతే నన్ను గుద్దేస్తాదా?"

"నిన్ను గుద్దితే బండికే సొట్ట పడతాదిలే," అన్నాడు సుంకన్న, గడప దగ్గర కూర్చుని వేరుశనగల పొట్లాలకు కాగితాలు చింపుకుంటూ. హనుమక్క మొగుడి వైపు ఉరిమి చూసింది.

రెండేళ్ళ లిఖిత పసుపు గౌనులో తండ్రికీ అవ్వకూ మధ్య నిలబడి, టోపీ ఎక్కినప్పుడల్లా దిగినప్పుడల్లా కిలకిలా నవ్వుతోంది. చేతులు లేని గౌను. నిన్న సాయంత్రం కంపెనీ సూపర్వైజరు కవర్లో పెట్టి ఇచ్చిపోయాడు. రేపు శుక్రవారం పాపకు అదే వేయాలట.

సుజాత స్టవ్వు ముందు నిలబడి చిత్రాన్నం డబ్బాలో సర్దుకుంటోంది. రాత్రి మొదలైన ఈ తగువు తెల్లారినా తెగలేదు. టోపీ పెట్టాలా వద్దా అన్నదే తగువు. అసలు బిడ్డను పంపాలా వద్దా అని ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. నాగేంద్ర సూపర్వైజరుకు ఫోనులోనే సరేనన్నాడు. ఆమెకు చెప్పింది తర్వాత. ఆమె కూడా ఆ క్షణాన కాదనలేకపోయింది. పాపను ఒక్కరోజు తెస్తే ఐదువేలు. అంతకన్నా పెద్దది, నాగేంద్రకు గేటు దగ్గర పర్మనెంటు డ్యూటీ. నడుం దెబ్బతిన్నప్పటి నుంచి అతను సిమెంటు మూటలు ఎత్తలేకపోతున్నాడు.

"నువ్వన్నా చెప్పు మే," అన్నాడు నాగేంద్ర పెళ్ళాంతో.

"నాకు టైమయింది," అని సుజాత చెప్పులు వేసుకుంది.

బెంగళూరు శివార్లలోని బొమ్మసంద్రలో మూతపడిన బోల్టుల ఫ్యాక్టరీ ఆవరణలో ఉంది ఆ పని. డ్రైవరు లేకుండా తనంతట తానే నడిచే కారు తయారుచేస్తారట అక్కడ. దాన్ని నడిపి చూడడానికి లోపలే ఒక వీధి కట్టారు. షట్టర్లు దించిన ఉత్తుత్తి అంగళ్ళు, ఒక బస్టాపు, నడిరోడ్డు మీద పడుకున్నట్టుగా ఫైబరుతో చేసిన ఆవు. ఆ వీధిలో అటూ ఇటూ రోడ్డు దాటడమే ఆడవాళ్ళ పని. గంప నెత్తిన పెట్టుకుని, నీళ్ళ బిందె చంకన పెట్టుకుని, ఫోను మాట్లాడుకుంటూ. కారు వస్తుంది, మనిషిని చూసి ఆగుతుంది. కట్టడం పనికి రోజుకు ఆరు వందల యాభై ఇస్తే ఇక్కడ వెయ్యి. ఇటుకలు మోయక్కరలేదు. ఆషాఢంలో, కట్టడం పనిలో తోడుండే మల్లమ్మ ఈ కబురు తెచ్చినప్పుడు నాగేంద్ర నవ్వాడు. "రోడ్డు దాటితే కూలీ ఇస్తారా? అట్లయితే మడివాళలో దాటినందుకు మనకి ఇంతవరకూ ఎంత రావల్లో!"

విజయవాడ నుంచి వచ్చిన ఇంజనీరు ఓంకార్ వీళ్ళకు పెద్ద. నెమ్మదస్థుడు. అమ్మా అని తప్ప పిలవడు. మొదటిరోజే అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు: "రోడ్ల మీద ఎక్కువగా చనిపోయేది మీలా నడిచిపోయేవాళ్ళేనమ్మా. తాగి నడిపేది మనిషి. నిద్రపోయేది మనిషి. ఈ కారు తాగదు, నిద్రపోదు, చుట్టూ కళ్ళే. మీకోసమే చేస్తున్నాం."

సుజాత ఆ మాట నమ్మింది. ఆమె అన్నను హోసూరు రోడ్డు మీద లారీ కొట్టేసి పోయింది. డ్రైవరు కునుకు తీశాడని తర్వాత తెలిసింది. కునుకు తీయని బండి ఒకటి వస్తుందంటే నమ్మాలనిపించింది.

కానీ భయం పోలేదు. నియమం ఒకటుంది. దాటేటప్పుడు బండి వైపు చూడకూడదు. చూస్తే అడుగు తడబడుతుంది, తడబడితే ఆ నడక లెక్కకు రాదు. బ్యాటరీ బండికి చప్పుడు ఉండదు. ఆమె కుడి పక్క ఒళ్ళంతా చెవి అయిపోయేది. ఇసుక మీద చక్రాల గరగర దగ్గరికి వచ్చి, ఆగిపోయేదాకా ఊపిరి తీసేది కాదు. బిడ్డను ఎత్తుకున్న తల్లిలా దాటే నడకలు మొదలుపెట్టాక రబ్బరు బొమ్మను ఇచ్చారు. దాన్ని కుడి చంకనే ఎత్తుకోవాలి, బండికి కనపడాలి కదా. పోయిన నెల వచ్చిన పెట్టుబడిదారులు ఆ బొమ్మను వేలితో నొక్కి చూసి, రబ్బరుకు ఆగితే ఏం గొప్ప అని నవ్వారట. రేపు మళ్ళీ వస్తున్నారు. అందుకే లిఖిత.

ఆ రోజు పదింటికి సన్నగా తుంపర మొదలైంది.

"రెడీయా అమ్మా?" అని షెడ్డులోంచి ఓంకార్ కేకేశాడు. సుజాత బొమ్మను చంకనేసుకుని అడుగు వేసింది. నాలుగడుగులు వేశాక వాన చినుకు బొమ్మ నుదుటి మీద పడింది. ఆమె చేయి తనకు తెలియకుండానే కొంగు లాగి బొమ్మ తలమీద, తన తలమీద కప్పింది.

గరగర వినపడింది. దగ్గరైంది. ఆగలేదు.

ఎన్నడూ తిప్పని తల తిప్పింది. కారు తెల్లటి ముక్కు మీద నీళ్ళు జారుతూ, లోపల ఖాళీ సీటుతో, ఆమెను అసలు చూడనట్టే వస్తోంది. కాళ్ళు కదలలేదు. కీచుమని శబ్దం వచ్చింది. చల్లని ఇనుము ఆమె కుచ్చిళ్ళను మోకాలికి నొక్కి ఆగింది. బొమ్మ చంకలోంచి జారి చక్రం ముందుకు దొర్లింది.

"ఆగింది! ఆగింది!" అని షెడ్డులో ఎవరో చప్పట్లు కొట్టారు.

సుజాత చూపు వాళ్ళ వైపు పోలేదు. గేటు పక్కన కంపెనీ పనివాడు మంజునాథ్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతని చేతిలో ఎప్పుడూ ఉండే నల్ల రిమోటు. అది గేటు తెరిచేదని ఆడవాళ్ళందరి నమ్మకం. అతని బొటనవేలు ఇంకా బటను మీదనే ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

టీ వేళకు నీళ్ళ ట్యాంకు వెనక అతన్ని పట్టుకుంది.

"మంజన్నా, అది గేటుది కాదు కదా?"

"సుమ్నె, ఊరికే ఉండక్కా, ఎవరన్నా వింటారు." అతను చుట్టూ చూశాడు. "గేటు వాచ్‌మన్ తోస్తాడు, చూడలేదా నువ్వు? ఇది బ్రేకుది."

"బండే ఆగుతాదంటిరి!"

"ఆగుతాదక్కా. అబద్ధం చెప్పను. ఎండలో, ఒంటిగా, నిటారుగా పోతే ఆగుతాది. ఆవునైతే అంత దూరాన్నుంచే చూస్తాది. గంప నెత్తినుంటే ఒకసారి ఆగుతాది, ఒకసారి ఆగదు. అప్పుడు నేను ఒత్తుతా. ఈపొద్దు నువ్వు కొంగు కప్పితివి. నిన్ను ఏమనుకునిందో, మూటనుకునిందో. నాకూ రవ్వంత లేటాయ."

సుజాతకు తను దాటిన దాట్లన్నీ ఒక్కసారిగా వెనక్కి వచ్చి ఒంటిమీద పడ్డట్టయింది. "రేపు మాత్రం బాగా చూసి ఒత్తన్నా. పాప ఉంటాది."

మంజునాథ్ తల దించుకున్నాడు. "రేపు నన్ను అక్కడ నిలబడొద్దన్నారక్కా. రిమోటు పట్టుకున్న మనిషి కనపడితే వచ్చినోళ్ళు నమ్మరంట. నేను చెప్పినానని అనొద్దు. నాకూ పిల్లలుండారు."

ఆమె నేరుగా షెడ్డులోకి పోయింది. ఓంకార్ ల్యాప్‌టాప్ లోంచి తల ఎత్తి నవ్వాడు. "భయపడ్డారా అమ్మా? కొంగు కప్పారు కదా, అందుకే కొంచెం కన్ఫ్యూజ్ అయింది. రాత్రికి సాఫ్ట్‌వేర్ మార్చేస్తున్నాం. రేపు హండ్రెడ్ పర్సెంట్. మీరు కొంగు కప్పకండి, చాలు."

"వానలో బిడ్డ నెత్తిన కొంగు కప్పకుండా ఎట్ల నడుస్తారు సార్?"

"ఒక్క నిమిషమే కదా."

"రోడ్డు మీద ఆడవాళ్ళందరికీ చెప్తారా సార్, కప్పొద్దని?"

అతను ల్యాప్‌టాప్ మూత సగం దించాడు. ఆమె గొంతు తగ్గించి అడిగింది, "మీకూ పాప ఉంది కదా సార్?"

"ఉంది. నిజానికి ముందు మా పాపనే తెద్దామనుకున్నానమ్మా. మా ఆవిడ ససేమిరా అంది." అలవాటుగా నవ్వబోయి, తన మాట తనకే వినపడినట్టు ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడవడం మొదలుపెట్టాడు. "దానికి స్కూలు కూడా ఉందనుకోండి," అన్నాడు.

సుజాత బయటికి వచ్చింది. ఆయన భార్య ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఏ గదిలో, ఏ కుర్చీలో కూర్చుని ఆవిడ ఆ మాట అన్నదో తెలియదు. అన్నది. అంతే, అక్కడితో ఆగిపోయింది.

సాయంత్రం గేటు దాటాక మల్లమ్మ పక్కకు వచ్చి చెవిలో వేసింది. "మీ పాప రాకపోతే మా మనవణ్ణి తెమ్మన్నాడే సూపర్వైజరు. ఇంకో వెయ్యి ఎక్కువిస్తాడంట. ఏం చేయల్లంటావు?"

సుజాత రోడ్డు పక్కనే ఆగి, తను చూసిందీ విన్నదీ అంతా చెప్పింది. మంజునాథ్ పేరు ఎత్తలేదు. మల్లమ్మ వింటూ వింటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆవుకుండే మర్యాద కూడా మనకి లేదన్న మాట," అంది చివరికి. వెనక వస్తున్న మిగతా ఆడవాళ్ళూ ఆగారు. వాళ్ళు అక్కడ చాలాసేపు నిలబడిపోయారు.

ఇంటికొచ్చేసరికి నాగేంద్ర గోబీ మంచూరియా పొట్లం తెచ్చి ఉన్నాడు. ఆఫీసులో యూనిఫారం కొలతలు తీసుకున్నారట. "నడుం ముప్పై నాలుగు అన్నాడు టైలరు. బెల్టు కూడా ఇస్తారంట నాయనా," అని తండ్రికి చెబుతున్నాడు. సుంకన్న తెల్లారే చేయాల్సిన సెల్యూట్ ఎలా ఉండాలో చూపిస్తున్నాడు. హనుమక్క పాపకు తల దువ్వుతోంది.

సుజాత కాళ్ళు కడుక్కుని వచ్చి అందరికీ కంచాలు పెట్టింది. సంగటి వడ్డించింది. మోకాలి దగ్గర చీర చిరిగి ఉంది. నాగేంద్ర అది చూశాడు.

"ఏమాయ?"

"బండి తగిలింది."

ముగ్గురి చేతులూ కంచాల్లోనే ఆగిపోయాయి. ఆమె జరిగింది చెప్పింది. ఇన్నాళ్ళూ చాలాసార్లు బండి తానుగా ఆగలేదని, మనిషే ఆపాడని చెప్పింది. రేపు ఆపే మనిషి ఉండడని చెప్పింది. ఇప్పటికీ కుడి పక్క చల్లగానే ఉంది.

హనుమక్క పాపను ఒళ్ళోకి లాక్కుంది. నాగేంద్ర సంగటి ముద్దను వేళ్ళతో నొక్కాడు. "ఇంజనీరు రాత్రికి బాగు చేస్తానన్నాడు కదా మే," అన్నాడు. ఆ మాట మీద అతనికే నమ్మకం ఉన్నట్టు లేదు. "గేటు డ్యూటీ పోతాది. మళ్ళీ ఇట్లాంటిది నాకు యాడ దొరుకుతాది?"

"దొరకదేమో," అంది సుజాత. "నాకూ భయంగానే ఉండాది. పాప పోదు. నేనూ ఆ రోడ్డు మీద కాలు పెట్టను."

"నువ్వు పోకుంటే ఇంకొకత్తి పోతాది," అన్నాడు సుంకన్న మెల్లగా.

"మల్లమ్మను అడిగినారంట మామా. అందుకే అందరికీ చెప్పినా. తెల్లారితే ఆరుగురం గేటు కాడికి పోతాం. లోపలికి పోము. బిడ్డను ఎత్తుకోని ఏ ఆడది వచ్చినా, అక్కడే నిలిపి మేము చూసింది చెప్తాం."

గొంతు పెంచకుండానే చెప్పింది. అత్త ఒళ్ళోంచి పాపను తీసుకుని, సంగటి చిన్న ముద్ద చేసి, పులుసులో అద్ది నోట్లో పెట్టింది.