పసుపు రేకు

మధ్యాహ్నం రెండు గంటలకు సముద్రం అవతలి బ్యాంకువాళ్లు కంప్యూటరు తెర మీదికి వస్తారు. ఆలోగా పట్టికలో ముప్పై ఏడో వరుస ఆకుపచ్చగా మారాలి. రేకుల షెడ్డులో ఫ్యాను వేడిగాలిని అటు నుంచి ఇటు తోస్తోంది. ఆమె వేలు మీట మీదే ఉంది, నొక్కడం లేదు.

ప్రమాదాల పట్టిక రాయడం ఆమె ఉద్యోగం. నగరం కింద వేస్తున్న పెద్ద నీటి గొట్టానికి డబ్బు ఒక దేశానిది, నక్షా ఇంకో దేశానిది, యంత్రాలు మూడో దేశానివి. మట్టి మాత్రం ఇక్కడిది. దాని కింద వంగే వీపులూ ఇక్కడివే. ఇందరు కలిసి చేసే పనిలో ఎప్పుడు ఏది చెడుతుందోనని అరవై నాలుగు వరుసలు. మారకపు రేటు పడిపోవచ్చు. ఓడ ఆలస్యం కావచ్చు. గొయ్యి గోడ కూలవచ్చు. అది ముప్పై ఏడోది. మారకపు రేటుకు నలుగురు అధికారుల కాపలా ఉంది. గొయ్యి గోడకు ఒక రేకు ముక్క.

ఎరుపైతే పని ఆగాలి. పసుపైతే జాగ్రత్తగా సాగవచ్చు. ఆకుపచ్చైతే భయం లేదు. గోతిలో దిగేవాళ్లలో చాలామందికి చదువు రాదు గనుక, పట్టికలో ఉన్న రంగు రేకునే ఆమె పొద్దున్నే గొయ్యి అంచున మేకుకు తగిలిస్తుంది. అందుకే ఆమె అందరికీ రంగులక్క.

గునపం పట్టే అతను రోజూ దిగేముందు అడిగేవాడు.

"అక్కా, ఇవాళ మా గొయ్యి ఏ రంగు?"

"పసుపు."

"ఎప్పుడూ పసుపేనా? కామెర్లేమో, డాక్టరుకి చూపించక్కా!"

పన్నెండు రోజుల కిందట కూడా అలా నవ్వుతూనే దిగాడు. ముందురోజు వానకు గోడ నెర్రెలు విచ్చిందని ఆమె ఎరుపే రాసింది. "ఊతపలకలు బిగించాలంటే నాలుగు రోజులమ్మా," అన్నాడు మేనేజరు. "ఎరుపు కనిపిస్తే అవతలివాళ్లు ఈ నెల విడత ఆపేస్తారు. పసుపు చేసేయండి." చేసింది. మట్టి పట్టికలు చదవదు. అతణ్ని పైకి తీయడానికి మూడు గంటలు పట్టింది.

నాటి నుంచి కుళాయి కింద బిందె పెట్టినా, పిల్లకు జడ వేస్తున్నా, చెవిలో అదే ప్రశ్న. నిలదీసే గొంతు కాదు, అదే వేళాకోళం. నిలదీసినా ఆమెకు కాస్త ఊపిరాడేదేమో.

"ఇంకా కాలేదా అమ్మా?" మేనేజరు వెనక నిలబడి ఉన్నాడు.

"ఆకుపచ్చ ఎలా చెయ్యను సార్? మనిషి పోయాడు."

"జరగబోయేదాన్నే కదమ్మా ప్రమాదం అంటాం. అది జరిగిపోయింది, ఆ గొయ్యి పూడ్చేశాం. ఇక భయమేముంది? వరుస మూసేయండి."

అతను కసాయివాడు కాడు. శవం ముందు కళ్లు తుడుచుకున్నాడు, ఖర్చులకు సొంత జేబులోంచి డబ్బు తీశాడు. పట్టికను మాత్రం శవం కన్నా గట్టిగా నమ్మాడు.

"పక్కనే కొత్త గొయ్యి తవ్వారు కదా సార్. అదే మట్టి. పలకలు ఇంకా రాలేదు."

"దానికి పసుపు తగిలించండి. భోజనాలయ్యాక వాళ్లు దిగాలి."

ఆమె మీట నొక్కింది. ఏ రంగు నొక్కిందో చూడకుండానే అతను వెళ్లిపోయాడు.

ఆమె సొరుగు తెరిచింది. పసుపు రేకులు అంచులు అరిగి, రంగు ఊడి ఉన్నాయి. ఎరుపు రేకులు రెండేళ్ల కిందట వచ్చిన కాగితంలోనే భద్రంగా ఉన్నాయి. ఒకటి బయటికి తీసింది. మేకుకు తగిలించే రంధ్రం రంగుతో పూడిపోయి ఉంది. కత్తెర మొనతో పొడిచి తెరిచింది.

గొయ్యి దగ్గర గంపలతో ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. అందరికన్నా ముందు, పోయిన గునపం అతని భార్య. మొగుడు పోయినందుకు ఆమెకు దక్కిన పరిహారం మొగుడి పనే. ఆడమనిషని కూలి మాత్రం తొమ్మిది వందల నుంచి ఆరు వందలకు దిగింది. అతని బూట్లే వేసుకుంది. వదులు కాకుండా లోపల గుడ్డ పీలికలు కుక్కుకుంది. నిచ్చెన మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి, తల తిప్పింది.

"వదినా, ఇవాళ మా గొయ్యి ఏ రంగు? అడక్కుండా దిగొద్దని ఆయన చెప్పేవాడు."

రంగులక్క రేకు తగిలించింది.

వరసలో ఒక ముసలామె కళ్లు చికిలించి చూసింది. "ఓసినీ, ఈ రంగు కూడా ఉందా మన దగ్గర?"

"ఏంటమ్మా ఇది? ఎవరు తగిలించమన్నారు?" మేస్త్రీ పరుగున వచ్చాడు. "తియ్యి ముందు! దిగనివాళ్లకి ఇవాళ కూలి లేదు, చెప్తున్నా!"

"తియ్యను."

షెడ్డులోంచి మేనేజరు ఆమెను పిలుస్తున్నాడు. రెండు గంటలయింది. అవతలివాళ్లు తెర మీదికి వచ్చినట్టున్నారు. ఎవరూ కదల్లేదు.

అతని భార్య మేస్త్రీని చూసింది, రేకును చూసింది, కాలు వెనక్కి తీసుకుంది. కాలు వచ్చింది. వదులు బూటు మాత్రం మడమ తట్టుకుని మెట్టు మీదే ఉండిపోయింది, ఇంకా లోపలికి దిగబోతున్నట్టే.