మొహం లేని ఫ్లెక్సీ

షట్టరు సగం పైకెత్తి, నడుం వంచి లోపలికి దూరి, లైటు కూడా వెయ్యకుండా యలమంద నేరుగా కిటికీ పక్కనున్న కంప్యూటరు దగ్గరికి వెళ్ళాడు. మౌసు కదిలించాడు. నిన్న సాయంత్రం ఇంటికెళ్ళేముందు మొదలుపెట్టి వదిలేసిన పని పూర్తయిందని తెర మీద చిన్న పెట్టె ఒకటి ఇంగ్లీషులో చెబుతోంది. ఇంగ్లీషు అతనికి కూడబలుక్కుని చదవడమే గానీ, చివరిదాకా నిండిన పచ్చగీత ఏ భాషలోనైనా ఒకటే. రాత్రి కరెంటు పోనందుకు గోడ మీది వెంకటేశ్వరస్వామికి ఒక దణ్ణం పెట్టి, అప్పుడు లైటు వేశాడు.

దర్శి బస్టాండు వెనక సందులో ఉంటుంది ఆ ఫ్లెక్సీ షాపు. రంగు ఇంకుల ఘాటు వాసన గోడల్లోకి ఇంకిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. యలమందకి ఆ వాసన లేనిచోటే ఊపిరి ఆడనట్టుంటుంది. పొడుగు మనిషి, కాస్త వంగాడు. కళ్ళజోడుకి దారం కట్టి మెళ్ళో వేలాడేసుకుంటాడు. కుడిచేతి బొటనవేలి పక్కన, కుంచె పట్టీ పట్టీ కాసిన కాయ ఒకటి ఇప్పటికీ పోలేదు.

ఒకప్పుడు అద్దంకి రోడ్డు పొడుగునా ప్రహరీ గోడలన్నీ ఇతనివే. పత్తి విత్తనాల ప్రకటనలు రాసేవాడు. ఇతను వేసిన పత్తికాయ గుమ్మడికాయంత ఉండేది. అది నమ్మి విత్తనాలు కొన్న రైతులు పొలంలో కాయ చూసుకుని ఇతన్ని తిట్టుకున్నారని కూడా చెబుతారు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి, కుంచె పక్కకి పోయింది. కొన్నాళ్ళు ఇంట్లో అలిగి కూర్చున్నాడు. ఎవరి మీద అలిగాడో తెలియక, చివరికి తన పొట్ట కొట్టిన మిషను దగ్గరే పనికి చేరాడు.

ఇక అప్పట్నించీ మొహాలే. పుట్టినరోజు మొహాలు, ఓణీల ఫంక్షను మొహాలు, గెలిచినవాళ్ళవీ ఓడినవాళ్ళవీ, పోయినవాళ్ళవీ. ఒక్క ఫ్లెక్సీలో మొక్కజొన్న పొత్తు మీద గింజల్లా మొహాలు పేర్చాలి. ఎవరి మొహం ఎవరి మొహం కన్నా చిన్నదయినా గొడవే. ఆ కొలత తప్పకుండా చూసుకోవడమే అందులో ఉన్న కళంతా. యలమంద అది బాగానే చేసేవాడు, ఇష్టంగా మాత్రం చెయ్యలేదు.

పక్క కంప్యూటరు మీద పనిచేసే సిద్దికా, పెళ్ళి ఫ్లెక్సీల వెనక వెయ్యడానికి డిజైన్లు వెతుకుతూ, ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి దించింది. ఫ్రాక్టల్ బొమ్మలంట. ఒక కొమ్మ, దానిలో అదే ఆకారంలో చిన్న కొమ్మలు, వాటిలో ఇంకా చిన్నవి, దగ్గరికెళ్ళేకొద్దీ వస్తూనే ఉంటాయి. ఆమెకి రెండు రోజుల్లో విసుగొచ్చింది. యలమందకి అదే పిచ్చి పట్టుకుంది.

తెరిస్తే నల్లటి తెర, దాని మీద మూడు ముక్కోణాలు. ముక్కోణం మూల పట్టుకుని లాగితే తెర మీదే పక్క పెట్టెలో బొమ్మ మారిపోతుంది. అంతే కదా అనుకున్నాడు. కానీ జన్మంతా గోడలు నింపిన మనిషి. పైగా ఫ్లెక్సీలో జానెడు ఖాళీ కనిపించినా కస్టమరు ఊరుకోడు. ఆ అలవాటు కొద్దీ ముక్కోణాలని తెర అంచుల దాకా సాగదీశాడు. బొమ్మ పెద్దది కాలేదు, పొగైపోయింది. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక కూర్చోవడం, సాగదీయడం, పొగ చూడడం. కంప్యూటరు పాతదవడం వల్లేనని నెలరోజులు దాన్ని తిట్టాడు.

చూసీ చూసీ సిద్దికా ఒకరోజు ఫోన్లో ఎవరిదో వీడియో వెతికి పెట్టింది.

"బాబాయ్, ఈ ముక్కోణం మొదట ఉండేదాని కన్నా చిన్నదిగా ఉండాలంట. చిన్నది చేస్తేనే బొమ్మ నిలబడిద్దంట."

"చిన్నది చేస్తేనా?"

"ఆ. నువ్వేమో దాన్ని గోడనుకుని లాగుతన్నావు."

చిన్నది చేశాడు. పొగలోంచి ఒక కొమ్మ బయటికొచ్చింది. యలమంద కళ్ళజోడు పెట్టుకుని తెర మీదికి వంగాడు. తర్వాత చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఆ కొమ్మనే ఇన్నాళ్ళూ దిద్దుకుంటూ వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే రంగులు నచ్చలేదు. ఎండిన మిరపకాయకి తొడిమ దగ్గరుండే ముదురు ఎరుపు కావాలి. దాని కోసమే ఎన్నో మధ్యాహ్నాలు పోయాయి. చివరికి, ఇది ఇంటికి అనుకున్నాడు. రాత్రంతా కంప్యూటరు గోడ కొలతకి తయారుచేసింది ఆ బొమ్మనే.

ఇంటికి అనుకోవడం వెనక కోటేశ్వరి ఉంది. ఆమె అతని భార్య, సీజన్లో పొగాకు గ్రేడింగుకి వెళుతుంది. మాట పొదుపు ఎరగదు. "ఊళ్ళో వాళ్ళందరి మొహాలూ పైకెక్కించావు. మన గోడకేం చేశావయ్యా?" అని ఎన్నేళ్ళుగానో అడుగుతోంది. ముందుగదిలో చెమ్మకి సున్నం రాలిపోయిన గోడ ఒకటుంది. అందులో ఏడ్చే మొహం కనిపిస్తుందని ఆమె ఆ వైపు చూడదు. నిన్న పొద్దున యలమంద కొలతలు తీసుకుంటుంటే, రేపటిదాకా ఆగలేక, తనే స్టూలెక్కి నాలుగు మూలలా మేకులు కొట్టేసింది. ఈ సాయంత్రం బొమ్మ ఆ మేకులకి ఎక్కాలి. యలమందకి ఈరోజు పనల్లా అదే, మిగతావన్నీ షాపు పనులు.

ఫ్లెక్సీ రోలు చివర మిగిలిన ముక్క వాడుకోమని ఓనరు వీరబాబు ముందే చెప్పి, కొత్త రోళ్ళ కోసం ఒంగోలు వెళ్ళాడు. యలమంద మిషను ఆన్ చేసి పక్కనే నిలబడ్డాడు. ఇంకు పెట్టె అటూ ఇటూ పరుగెడుతుంటే ఎర్రకొమ్మ అంగుళం అంగుళం కిందికి దిగింది. ఆరాక నేల మీద పరిచి, అంచులు మడిచి, మేకులకి సరిపోయే చోట్లు గుర్తుపెట్టి, సుత్తితో ఇనప రింగులు కొట్టాడు. ఎడమ చెయ్యి భుజం దగ్గర్నించి లాగుతోంది. మౌసు పట్టేది కుడిచెయ్యి కదా, దీనికేం వచ్చిందనుకుని విదిలించుకున్నాడు.

అప్పుడే వచ్చిన సిద్దికా చెప్పులు విడవడం మర్చిపోయి చూసింది.

"బాబాయ్! ఇందులో మనిషెవరూ లేరే!"

"లేకపోతేనేగా బాగుంది! ఇదిగో, ఎక్కడైనా వేలు పెట్టు. అక్కడ మళ్ళీ మొత్తం కొమ్మ ఉంటది."

సిద్దికా వేలు పెట్టి చూసింది. ఉంది. యలమందకి ఛాతీ నిండా గర్వం వచ్చింది, దాచుకోలేదు కూడా. ఫ్లెక్సీని చుట్టి కుర్చీ పక్కన నిలబెట్టాడు.

మధ్యాహ్నానికి ఎండ పోయింది. మార్చి నెలలో రాకూడని మబ్బు పడమట నుంచి లేచింది. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసుకున్న ఊళ్ళన్నిటికీ గుండె జారింది. తడిస్తే కాయ తెల్లబడి తాలైపోతుంది, తాలుకాయని ఎవరూ ముట్టరు. టార్పాలిన్ పట్టాలమ్మే కొట్లు ఖాళీ చేసి, జనం ఫ్లెక్సీ షాపు మీద పడ్డారు. పాత ఫ్లెక్సీలు, తప్పు పడి పక్కన పారేసినవి, పండక్కి కట్టి విప్పేసినవి వెనక గదిలో గుట్టగా ఉంటాయి. మబ్బు పట్టినప్పుడల్లా వాటికోసం రావడం ఈ చుట్టుపక్కల మామూలే.

దండం పెడుతున్న నాయకుడి ఫ్లెక్సీ ఒక రైతుకి దొరికింది. "ఓట్లయినాక మనకి ఆయన నీడ గూడా కనపడలేదు. కాయలకన్నా అడ్డం పడతాడులే," అంటూ మోపెడ్ మీద వేసుకుపోయాడు. గుట్ట చూస్తుండగానే కరిగిపోయింది. మిగిలినవన్నీ శ్రద్ధాంజలి ఫ్లెక్సీలే. వాటిని మాత్రం ఎవరూ తాకరు. పోయినవాళ్ళ మొహం పంట మీద కప్పకూడదంటారు.

అందరూ పోయాక వచ్చింది వెంకటరావమ్మ. తూర్పు పక్క ఊళ్ళో కౌలుకి మిరప వేసుకున్న మనిషి, భర్త నిరుడే పోయాడు. ఆటో దిగి పరుగెత్తినట్టుంది, రొప్పుతోంది.

"అన్నా, ఒక్క పట్టా చాలు. కాయంతా కుప్పకి లాగేశా. ఒక పక్కకి చాలట్లేదు."

"ఇయ్యే ఉన్నాయమ్మా." యలమంద శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు చూపించాడు. "తిరగేసి కప్పుకో పోనీ."

"తిరగేస్తే మొహం కాయల మీదే పడిద్ది గదన్నా, ఇంకా పాపం." ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. "మా ఆయనది నువ్వేగా చేసింది! పెట్టెలో మడతబెట్టి దాచా. ఇందాక అదే తీశా, కప్పుదామని. చెయ్యాడలా. ఆయన్ని కప్పలేను, వేరేవాళ్ళనీ కప్పలేను. మొహం లేనిదేదన్నా చూడన్నా."

తెల్ల రోలు కోసివ్వడానికి రోలు లేదు. వీరబాబు ఒంగోలు నుంచి చీకటి పడితే గాని రాడు. సిద్దికా యలమంద వైపు ఒకసారి చూసి, వెంటనే తన కీబోర్డు వైపు తల తిప్పేసుకుంది.

యలమందకి మనసొప్పలేదు. ఇది చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత ఊళ్ళో అందరూ ఆయన దేవుడని ఊరికే అనేశారు. దేవుడేం కాదు. కుర్చీ పక్కనున్న ఫ్లెక్సీ చుట్ట కనపడకుండా కాలు అడ్డం పెట్టాడు. గోడ మీది మేకులు గుర్తొచ్చాయి, స్టూలెక్కిన కోటేశ్వరి గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి అడిగితే ఇన్నాళ్ళకి తను చేసిన బొమ్మ. బయట మొదటి ఉరుము ఉరిమింది. వెంకటరావమ్మ కొంగుతో మొహం తుడుచుకుని గుమ్మం దిగింది.

"ఆగమ్మాయ్," అన్నాడు. చుట్ట తీసి ఆమె భుజానికెత్తాడు.

ఆమె కొస విప్పి చూసింది. "ఇదేం బొమ్మన్నా?"

"బొమ్మేం గాదు. ఎవ్వరూ లేరులే అందులో. కప్పుకో."

"కాయ అమ్ముకున్నాక కడిగి తెచ్చిస్తా."

అందరూ ఆ మాటే అంటారు. ఇంతవరకూ తెచ్చిచ్చినవాళ్ళు లేరు.

వాన పెద్దదే కొట్టింది. అది వెలిశాక యలమంద తడి రోడ్డు మీద మెల్లగా ఇంటికి నడిచాడు. కోటేశ్వరి గుమ్మంలోనే ఉంది. ముందు అతని చేతులు చూసింది, తర్వాత మొహం.

"ఏదీ?"

"ఇచ్చేశా."

"ఎవరికి?"

"వెంకటరావమ్మకి. కాయ తడిసిపోయిద్దంటే."

"ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా ఆమెకి? నీ దగ్గరికే వస్తారందరూ! నేనేమో పొద్దుట్నించీ ఆ గోడ తుడిచిందే తుడవడం, పిచ్చిదాన్లాగా!"

ఆమె నిజంగానే ఏడుపుకొచ్చింది. యలమంద కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. ఆమె కంచం ఠక్కున పెట్టి, అటు తిరిగే అన్నం వడ్డించింది. మజ్జిగ పోసేటప్పుడు మాత్రం ఆగలేకపోయింది.

"ఇంతకీ ఎట్టుంటదది?"

చెంబులో వేలు ముంచి నాపరాయి మీద నీళ్ళతో గీశాడు. ఒక గీత, దానికి రెండు, ఒక్కోదానికి మళ్ళీ రెండు.

"చెట్టేగా ఇది!"

"చెట్టు గాదే. ఈ పుల్లని దగ్గరగా చూశావనుకో, మొత్తం ఇదే ఉంటది మళ్ళీ."

"అది దగ్గరగా చూస్తే?"

"అందులోనూ ఇదే."

"ఇంక ఆగదా?"

"ఆగదు," అన్నాడు యలమంద సంతోషంగా. గీసిన నీళ్ళు అప్పటికే ఒక పక్క ఆరిపోతున్నాయి. "రేపు కొత్త రోలుంటది, ఫైలుంది. ఇంకోటి కొడతా. ఆ మేకులు పీకమాక."

"పీకన్లే. తిను."

తిన్నాక భుజం నొప్పిగా ఉందంటే కొబ్బరినూనె వెచ్చబెట్టి రాసింది. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారి టీ గ్లాసు మంచం కోడు పక్కన పెట్టి లేపింది. లేవలేదు. టీ చల్లారేదాకా ఆమె కూడా అక్కడే కూర్చుండిపోయింది.

పెద్దకర్మకి చుట్టాలు అతని ఫొటోకి ఫ్రేము కట్టించి తెచ్చి, మేకులున్నాయి కదాని ఆ గోడకే తగిలించబోయారు. కోటేశ్వరి ఒప్పుకోలేదు. "అయి దీనికి గాదు," అని ఫొటోని పక్కగోడకి పెట్టించింది. సిద్దికా వచ్చి, పిన్నీ, ఆ ఫైలు కంప్యూటర్లోనే ఉంది, ఇంకోటి కొట్టి తెస్తానంది.

"వద్దమ్మా. ఆయన చేత్తో రింగులేసింది అదొక్కటేగా."

ఏప్రిల్లో గుంటూరు యార్డుకి కాయలు వెళ్ళిపోయాయి. కల్లాలు ఖాళీ అయ్యాయి. ఒక మధ్యాహ్నం, ఆరేసి మడిచిన ఫ్లెక్సీ చంకలో పెట్టుకుని వెంకటరావమ్మ గుమ్మంలో నిలబడింది. ముందు షాపుకే వెళ్ళిందట. అక్కడే తెలిసింది. ఏడ్చిన కళ్ళు.

"ఒక్క కాయ తాలు పోలేదొదినా," అంది. ఫ్లెక్సీని కోటేశ్వరి చేతికిచ్చి మళ్ళీ అదే మాట అంది. "ఒక్క కాయ పోలా."

కోటేశ్వరి స్టూలు తెచ్చుకుంది. వెంకటరావమ్మ కింద పట్టుకుంటే తను పైన తగిలించింది. నాలుగు రింగులూ నాలుగు మేకులకీ సరిగ్గా పడ్డాయి. కోటేశ్వరి దిగి, దగ్గరికెళ్ళి, ఒక పుల్ల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

ఎరుపు ఎండకి కాస్త వెలిసింది. కింది మూల రింగులో, ఎంత కడిగినా రాని మిరపగింజ ఒకటి ఇరుక్కుని ఉంది.