బెనీటా శిలువ ఉండవలసిన వైపు

మా న్యూ మెక్సికో లోయలో ఎవరైనా రోడ్డు మీద చనిపోతే, సమాధి ఎక్కడున్నా సరే, ప్రాణం విడిచిన చోట ఒక శిలువ నాటుతారు. నాటిన శిలువను పెరకరు. మనిషి ఎక్కడ నడుస్తూ పడిపోయినదీ దారిన పోయేవారికి ఆ కొయ్యే చెబుతుంది.

బెనీటా శిలువ యాభై ఏళ్లకు పైగా అబద్ధం చెబుతూ నిలబడి ఉంది.

కాన్వెంటు బడిలో బెనీటాదీ నాదీ ఒకే బల్ల. పదహారో ఏట, ఈస్టరు సెలవులకు బస్సు దిగి, కాలువ గట్టు వెంబడి మట్టిలో నడుస్తున్నాము. నేను ముందు, ఆమె వెనుక. లియాండ్రో అనే కుర్రాడు నడిపే ట్రక్కు రోడ్డు దిగి వచ్చి ఆమెను కొట్టింది. నా ఒడిలోనే పోయింది. ఆ పిల్ల రోడ్డుకు అవతలి కొండ వైపు నుంచి పరుగెత్తి అడ్డం వచ్చిందనీ, అటే పడిందనీ లియాండ్రో చెప్పాడు. మా పోలీసు పెద్ద, షెరీఫ్, అతని మేనమామ. కొండ వైపున శిలువ నాటించినది ఆయనే.

నేను చూసినది షెరీఫ్‌కు చెప్పాను. మదర్ సుపీరియర్‌కు చెప్పాను. సాక్ష్యాలు ఆడపిల్లలకు తగవు, ప్రార్థించమన్నది ఆమె. ప్రార్థించాను, చెప్పడం మాత్రం మానలేదు. షెరీఫ్ నాటినదాన్ని పెరికే ధైర్యం బెనీటా తండ్రికి లేకపోయింది. తరువాత తల్లి అక్కడే మోకరిల్లి ఏడ్చింది గనుక, పెరికే హక్కు ఎవరికీ లేకపోయింది.

ఈ వసంతంలో రోడ్డు వెడల్పు చేస్తూ కొండను తవ్వవలసి వచ్చింది. కుటుంబం వచ్చి శిలువను తీస్తే తప్ప యంత్రం కదపనన్నాడు మేస్త్రీ ఫెర్మీన్. బెనీటా చెల్లెలు సెల్సా, నేను వెళ్లేసరికి లియాండ్రో అక్కడే ఉన్నాడు. ఏటా ఆ శిలువకు రంగు వేసేది అతడే. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, చేతిలో తెల్లరంగు డబ్బా.

ఫెర్మీన్ పెద్దదాన్నని నన్ను "మానా", అంటే అక్కా, అంటాడు. "చెప్పండి మానా, ఎక్కడ పాతమంటారు? కొంచెం వెనక్కి జరపమంటారా?"

"కాలువ వైపు."

"మొదలెట్టావా మళ్లీ!" అంది సెల్సా. "పెళ్లిలో అదే పాట, చావులో అదే పాట. మా అమ్మ కన్నీళ్లు పడ్డ నేల ఇది."

"ఆ నేలనే రేపు లారీలకెత్తుతారు, సెల్సా."

"నీకు కావాల్సింది మా అక్కా, నీ మాట నెగ్గడమా?"

వాదించి వాదించి నేను అలసిపోయాను.

"లియాండ్రో, నేను అడగటం అయిపోయింది. ఇక నువ్వు బెనీటా చెల్లెలికి చెప్పుకో," అన్నాను.

"ఏంటి చెప్పేది?" అంది సెల్సా.

"ఏటా రంగేస్తూనే ఉన్నాను గదా..." అన్నాడతడు.

"నేనడిగింది రంగు గురించా?"

అతడు డబ్బా కింద పెట్టాడు. గొట్టంలో ఊపిరి బుసకొట్టింది. "ఆ పిల్ల రోడ్డెక్కనే లేదు. ట్రక్కే దిగింది. తాగున్నాను."

సెల్సా ఫెర్మీన్ వైపు తిరిగి, "పీకు," అంది.

శిలువ ఊడి వచ్చాక పట్టుకోబోయాడు లియాండ్రో. "నువ్వు ముట్టుకోకు," అంది సెల్సా. ఫెర్మీన్ ఎర్రపలక ఎత్తి రెండు వైపులా వాహనాలు ఆపాడు. మేమిద్దరం చెరొక కొసా పట్టుకుని రోడ్డు దాటించాము. లియాండ్రో అప్పుడే వేసిన తడి రంగు అరచేతులకు అంటుకుంది. ఫెర్మీన్ గుంత తీసి, పాతి, రాళ్లు బిగించాడు. నాకు సంతోషం కలుగుతుందనుకున్నాను. మోకాళ్లు మాత్రం నొప్పెట్టాయి. గట్టు మీద కూర్చున్నాను.

సెల్సా గడ్డికి చేతులు తుడుచుకుంటూ నా పక్కన కూలబడింది. "ఇన్నేళ్లూ ఏ వైపో చెప్పావు. ఆ రోజు అక్క ఏం మాట్లాడుతోందో ఎప్పుడన్నా చెప్పావా?"

"ఎవరూ అడగలేదు."

"నేను అడుగుతున్నాను."

"మాట్లాడటం లేదు. బడిలో పాటలు నేర్పే సిస్టర్ ముక్కుతో పాడినట్టు పాడుతోంది. నన్ను నవ్వించడానికి."

"ఎలా పాడింది?"

నా గొంతు ఎన్నడూ పాటకు పనికిరాలేదు. అయితే ముక్కుతో పాడటానికి గొంతుతో పనేమిటి?