బాషా సార్ సీడీలు

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. ఎవర్నీ అనడానికి లేదు. అయినా అంటాను, నా కడుపు మంట అలాంటిది.

గుంటూరులో దూరవిద్య కేంద్రంలో ఎం.ఏ. హిస్టరీ ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాణ్ణి, కాంట్రాక్టు మీద. ఆదివారం నేను కెమెరా ముందు కూర్చుంటే, వినుకొండలో, చీమకుర్తిలో నెట్ సెంటర్లలో నా విద్యార్థులు కూర్చునేవాళ్ళు. గ్రానైట్ యూనిట్లో గుమాస్తా ఒకడు, బడిలో విద్యావాలంటీరు ఒకావిడ, మిర్చి కల్లంలో తాలుకాయలు ఏరే కరీమున్. ఆ పిల్ల ఆదివారం కూలి మానుకుని మరీ వచ్చేది.

2008 ఎండాకాలం కరెంటు కోతలు మా దుంప తెంచాయి. నేను శాతవాహనుల్ని మొదలుపెట్టేసరికి వినుకొండలో కరెంటు పోయేది. అక్కడ వచ్చేసరికి ఇక్కడ పోయేది. "సార్, మీరు నోరు తెరిచి అట్టాగే ఆగిపోయారండి" అని కరీమున్ ఫోన్ చేసేది. నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది.

కూలి మానుకుని వచ్చిన పిల్ల ఏమీ వినకుండా తిరిగిపోవడం చూడలేకపోయాను. ఎవరూ అడక్కుండానే కోఆర్డినేటరు దగ్గరికి పోయి, "పాఠాలన్నీ రికార్డు చేసి సీడీలు పంపిద్దామండి, కరెంటున్నప్పుడు చూసుకుంటారు" అన్నాను. మహానుభావుడి మొహం వెలిగిపోయింది. సెలవులన్నీ, చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేసిన గదిలో, చెమటలు కక్కుతూ సిలబసంతా చెప్పాను. ఎక్కడైనా తడబడితే మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. బుద్ధుందా నాకు!

కాంట్రాక్టు రెన్యువల్‌కి వెళ్తే కోఆర్డినేటరు కుర్చీ వేయించి టీ తెప్పించాడు.

"మీ సీడీలు అద్భుతం బాషా గారూ. సిలబస్ మారేదాకా మనకి ఢోకా లేదు. ఇంక లైవ్ క్లాసులు దేనికండీ?"

"మరి నేనో?"

"మీరున్నారు కదండీ, సీడీలో."

టీ ముట్టకుండా లేచాను. గుమ్మం దాకా వచ్చి, విద్యార్థులెవరైనా లైవ్ క్లాసులే కావాలని రాస్తే ఆలోచిస్తానన్నాడు. నాకు మిగిలిన ఆశ అదొక్కటే. ఇంట్లో మా ఆవిడ సిద్దికాకి ఉద్యోగం పోయిందని చెప్పకముందే కరీమున్‌కి ఫోన్ చేశాను. ఆ పిల్ల రాస్తే మిగతావాళ్ళూ రాస్తారు.

ఫోనెత్తగానే వెనకనుంచి ఎవడో ఉపన్యాసం దంచుతున్నాడు. వాడు నేనే.

"సార్, ఒక్క నిమిషమండి, మిమ్మల్ని ఆపేసి వస్తా."

ఆపేసి వచ్చింది. సంగతంతా చెప్పాను. సిగ్గు విడిచి బతిమాలాను కూడా.

"ఏమనుకోమాకండి సార్. లైవయితే ఆదివారం కల్లానికి పోలేను. చదువు మానెయ్యమని మా అమ్మ రోజూ గోల చేసేది. సీడీ వచ్చాకే నోరు మూసింది. మళ్ళా లైవ్ పెట్టమని నా చేత్తో నేనెట్టా రాసేదండి?"

నీకోసమే కదే చేసి చచ్చాను అని అరవాలనిపించింది. కానీ ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? అదే నా ఏడుపు.

"సార్, ఉన్నారా? డొక్కల కరువు పాఠంలో ఒక డౌటండి. పొలాలొదిలేసి పోయినోళ్ళు తిరిగొస్తే, వాళ్ళ పొలాలు వాళ్ళకిచ్చారా?"

ఛీ, అలవాటెక్కడికి పోతుంది! నడిరోడ్డు మీద నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. కుంపిణీ కాలంలో మన గుంటూరుకొచ్చిన ఆ కరువు, శిస్తులూ, బకాయిలూ, ఊళ్ళొదిలి పోయిన జనం, నాకు తెలిసిందంతా చెప్పాను.

కరీమున్ సంబరపడిపోయింది.

"ఎంత బాగా చెప్పారండీ! ఇది కూడా సీడీలో పెట్టుంటే బాగుండేది సార్."