నాలుగో రంధ్రంలో నీళ్లు

మంచు మందం కొలవడానికి ఏడుగురు బడిపిల్లలు గడ్డకట్టిన సముద్రపు మంచులోకి బరమాను వంతులవారీగా తిప్పుతుంటే, అలూకి తుపాకీ భుజాన వేసుకుని కాపలా నిలబడింది. తెల్ల ఎలుగుల నుంచి పిల్లల్ని కాయడానికి బడివాళ్లు ఏటా ఆమెనే పిలుస్తారు. మే నెల ఎండ మంచు మీద పడి కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది. పిసరంత గాలి లేదు.

"నూట పద్దెనిమిది సెంటీమీటర్లు!" పన్నెండేళ్ల మియాలి కొలబద్ద పైకి లాగి అరిచింది. "దీని మీద విమానమే దించొచ్చత్తా!"

"విమానం దాకా ఎందుకే? పొద్దున నువ్వు మింగిన రొట్టెలకి, నువ్వు గెంతితే చాలు, మంచు బలమెంతో తేలిపోతుంది," అంది అలూకి.

పిల్లలు పగలబడి నవ్వారు. అలూకి కూడా నవ్వుతూనే రంధ్రంలోకి తొంగి చూసింది. అది ఆ రోజు తవ్విన నాలుగోది. నీళ్లు మెల్లగా పైకొచ్చాయి, ఆగాయి, దిగాయి. మళ్లీ వచ్చాయి. ఒడ్డుకు కరుచుకుని ఉన్న మంచు కింద నీళ్లు అలా ఊపిరి తీయవు. తీశాయంటే మంచు ఒడ్డును వదిలేస్తున్నట్టే.

"సామాను వదిలేయండి. మంచుబండ్లెక్కండి."

"ఇంకొక్కటి, అలూకీ! ఐదుంటేనే లెక్క కుదురుతుంది," అన్నాడు రోలండ్ మాస్టారు. ఆయన దక్షిణం నుంచి ఈ మంచు ఊరికి వచ్చి రెండేళ్లే అయింది.

"నేను మిమ్మల్ని అడగట్లేదు మాస్టారూ."

ఆ గొంతు విని పిల్లల నవ్వు ఆగిపోయింది.

వెనక్కి వెళ్లే దారికి అడ్డంగా, పొద్దున లేని నల్లటి చీలిక కనిపించింది. మూరెడు వెడల్పు. అలూకి బండి దిగేసరికి రెండు మూరలైంది. చప్పుడే లేదు. ఇన్నేళ్లలో ఆమె చూసిన మంచు ఏదీ మూలగకుండా పగల్లేదు.

బండి వెనక కట్టిన పొడవాటి స్లెడ్జి విప్పి చీలిక మీద వంతెనలా తోసింది. అవతల పిల్లల్ని అందుకోవడానికి ముందుగా మాస్టారిని పంపింది. ఆ తర్వాత ఒక్కొక్కరినీ పాకించింది. మియాలి సగంలో బిగుసుకుపోయింది.

"నీళ్లకేసి చూడకే తల్లీ. మాస్టారి ముక్కు చూడు, ఎలా ఎర్రబడిందో!"

పిల్ల ఏడుస్తూనే నవ్వి, పాకింది. చివరగా అలూకి దాటింది. ఆమె కాలు అవతలి మంచు మీద పడగానే స్లెడ్జి జారి నీళ్లలో మునిగింది. బండ్లు, బరమా, రంధ్రాల పక్కన పాతిన ఎర్ర జెండాలు అన్నీ విరిగిన ఆ మంచు పలక మీదే, తొందర లేకుండా దూరమైపోయాయి.

"గాలి లేదు కదత్తా, ఎందుకు విరిగింది?" నడుస్తూ అడిగింది మియాలి.

"తెలీదే."

సాయంత్రానికి అందరూ క్షేమంగా ఇళ్లు చేరారు. అలూకి తిన్నగా ఊరి రేడియోకి వెళ్లి, ఎవరూ మంచు మీదకి పోవద్దని చెప్పింది. ఎన్నాళ్లని ఎవరో ఫోన్ చేసి అడిగారు. "నేను మళ్లీ చెప్పేదాకా. ఇది నాకు తెలిసిన మంచు కాదు," అంది ఆమె మైకులో.