సుక్‌వారో వాంగ్మూలం

"తప్పు తన మొగుడిదేనని ఒప్పుకుంటోంది సాబ్" అన్నాడు గోవిందరావు. విచారణాధికారి రాసుకున్నాడు.

సుక్‌వారో ఆ మాట అనలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ అచ్చియమ్మ విన్నది. ఇద్దరూ బిలాస్‌పూర్ యార్డులో రైలుపెట్టెలు కడిగే కాంట్రాక్టు కూలీలు. సుక్‌వారోది గోండీ. అచ్చియమ్మకు ఆ భాష మాట్లాడటం రాదు గానీ అర్థమవుతుంది.

పెట్టె కింద మనుషులుంటే బండికి ఎర్రజెండా కడతారు. కట్టినవాళ్లే విప్పాలి. సుక్‌వారో మొగుడు కింద ఉండగానే సూపర్‌వైజర్ గోవిందరావు జెండా విప్పేశాడు. బండి కదిలింది. మనిషి పోయాడు. ఆమె చెప్పింది ఇదీ. దాన్ని హిందీలో చెప్పడానికి కాంట్రాక్టర్ పంపింది గోవిందరావునే.

"జెండా విప్పింది ఇతనేనంటోంది సాబ్!" అచ్చియమ్మ హిందీలో అరిచింది.

అధికారి తల ఎత్తలేదు. "గోండీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో లేదు. దుబాసీని పిలవడానికి నాకు రూలు లేదు. నీది తెలుగు కదా, నువ్వడిగితే పిలిపిస్తాను. ఆమెను హిందీలో చెప్పమను."

సుక్‌వారో హిందీ కూడదీసుకుంది. "నాది కూరగాయలు కొనే హిందీ సాబ్. మావాడి చావు అందులో చెప్పలేను."

వరండాలో గోవిందరావు అచ్చియమ్మకు అడ్డం వచ్చాడు. "ఏటే మరదలా, మనం మనం తెలుగోళ్లం. ఆల కోసం నోటికాడ కూడు తన్నుకుంతావేటి?"

"నువ్వు తెలుగోడివా, గోండోడివా అని రైలు సక్రం ఆడినడిగిందేటి బావా?" అంది అచ్చియమ్మ.

మధ్యాహ్నం యార్డులో గ్యాంగంతా కూడింది. పని ఆపేద్దామంది అచ్చియమ్మ.

"పెహలే సోచో అత్తా" అన్నాడు గ్యాంగులో కుర్రాడు జయప్రకాష్, ముందు ఆలోచించుకోమంటూ. "కాం బంద్ చేస్తే కాంట్రాక్టర్ కొత్తోళ్లని తెస్తాడు."

"తెస్తాడు. ఆల్నీ రైలుపెట్టె కిందకే తోస్తాడు" అంది అచ్చియమ్మ.

ఛత్తీస్‌గఢీ ముసలమ్మ లేచింది. "ఈ రాష్ట్రం పేరే మా భాష పేరు. దానికీ ఆ షెడ్యూల్లో చోటు లేదు. రేపు నేను చస్తే మావాళ్ల మాట ఎవరు రాస్తారు?"

సుక్‌వారో వెళ్లి నిలిచి ఉన్న బండికి జెండా కట్టింది. జయప్రకాష్ సణుగుతూనే పక్క బండికి కట్టాడు. గోండీ దుబాసీ రావాలి, వాంగ్మూలం మళ్లీ రాయాలి. అప్పటిదాకా విప్పేది లేదు.

సాయంత్రం ఎక్స్‌ప్రెస్ కదల్లేదు. పోలీసులు వచ్చారు.

"విప్పండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సుక్‌వారో గోండీలో మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది.

"ఏమంటోంది?" ఇన్‌స్పెక్టర్ అచ్చియమ్మను అడిగాడు.

"దుబాసీని పిలిపించి అడగండి సాబ్" అంది అచ్చియమ్మ. గోవిందరావు నోరు తెరిచాడు. గ్యాంగు అతని వైపు తిరిగింది. మూసుకున్నాడు.

అచ్చియమ్మను వ్యాన్ ఎక్కించారు. అయినా జెండాలు దిగలేదు. ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీశాడు. "గోండీ వచ్చినవాణ్ణి ఎవరినైనా పంపండి."

"ఎవడో కాదు! ఆమె ఒప్పుకున్న మనిషే రావాల!" వ్యాన్‌లోంచి అచ్చియమ్మ అరిచింది.

జయప్రకాష్ ఆ మాట హిందీలో అందరికీ వినిపించేలా చెప్పాడు. చెప్పి, తనూ వ్యాన్ ఎక్కాడు. ముసలమ్మ ఎక్కింది. వెనక గ్యాంగంతా వరసకట్టింది.